పాత పిల్లర్ డ్రిల్లుకు బిగుసుకుపోయిన చక్కును విప్పే విధానం

విశాఖపట్నంలో పాత డ్రిల్లింగు మిషను కొన్నవారికి మొదటి పేచీ తరచుగా మోటారుతో రాదు, బిట్టును దవడలతో పట్టుకునే చక్కుతో వస్తుంది. మోటారు కాలితే వైండింగు చేయించవచ్చు, బెల్టు తెగితే కొత్తది వేయవచ్చు. ఏళ్ల తరబడి కదపకుండా వదిలేసిన చక్కు మాత్రం తనను తిప్పే ఇరుసుతో, అంటే స్పిండిలుతో, ఒకే ముద్దగా కలిసిపోయి, దవడలు అరిగినా, బిట్టు ఊగుతూ తిరుగుతున్నా, ఊడి రానంటుంది. సముద్రపు గాలి తగిలే ఊరు కనుక ఇక్కడ ఈ బెడద మరికాస్త ఎక్కువ. గాలిలోని ఉప్పూ తేమా కలిసి చక్కుకూ స్పిండిలుకూ మధ్యనున్న వెంట్రుకవాసి సందులోకి దిగి తుప్పును పుట్టిస్తాయి. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, అసలే బిగుతుగా ఉన్న ఆ అతుకు మరింత బిగుసుకుంటుంది.

నేను చెడగొట్టిన మొదటి మిషను నాదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని తాకినప్పుడు మా షెడ్డు పైరేకులు లేచిపోయి, మిషను కొన్ని రోజులు వానలో నానింది. తరువాత చక్కు ఊడకపోయేసరికి ఓపిక పట్టలేక దాని పక్కన సమ్మెటతో నాలుగు దెబ్బలు వేశాను. చక్కు కదలలేదు, దెబ్బలన్నీ స్పిండిలు కింది బేరింగు మీద పడి, గుండ్లు దొర్లే గాడిలో సన్నని గుంటలు చేశాయి. ఆ పైన మిషను ఆన్ చేసినప్పుడల్లా గులకరాళ్లు నమిలినట్టు శబ్దం వచ్చేది. బేరింగు మార్పించడానికి అయిన ఖర్చు కొత్త చక్కు ఖరీదును మించిపోయింది. అందువల్ల ఈ కింద చెప్పే పద్ధతులలో నేను మొదట చూసేది ఒకటే: వేసే దెబ్బ, నొక్కే నొక్కు చక్కు కూర్చున్న అతుకు మీదనే పనిచేయాలి, బేరింగు దాకా పోకూడదు.

చక్కు ఏ రకంగా కూర్చుందో ముందు తెలుసుకోవడం

సుత్తి పట్టుకునే ముందు టార్చిలైటు పట్టుకోవాలి. మిషను స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, మూడు ఫేజుల కనెక్షను అయితే ఫ్యూజులు కూడా తీసి జేబులో వేసుకుని, హ్యాండిలుతో క్విల్లును పూర్తిగా కిందికి దించి, లాకుతో బిగించండి. క్విల్లు అంటే స్పిండిలును తనలో పెట్టుకుని కిందికీ పైకీ జరిగే లావుపాటి గొట్టం. దాని మీద పేరుకున్న జిడ్డునూ తుప్పునూ కిరోసిను గుడ్డతో తుడిచి, పక్క భాగాన నిలువుగా, పొడుగ్గా ఒక కన్నం ఉందేమో చూడండి. జిడ్డుతో పూడిపోయి కన్నం కనబడక, లేదనుకుని వేరే పద్ధతికి పోయినవారిని చూశాను. కాబట్టి గోటితో గీకి మరీ చూడాలి. కన్నం కనిపిస్తే చక్కును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. లోపలి స్పిండిలుకు ఉన్న కన్నం బయటి కన్నంతో కలిసిన క్షణాన టార్చి వెలుగు అటునుంచి ఇటు వస్తుంది. అలా వస్తే మీది మోర్స్ టేపరు మిషను. టేపరు అంటే క్రమంగా సన్నబడే కోసు. చక్కు ఆర్బరు అనే పొట్టి కడ్డీ మీద, ఆ ఆర్బరు స్పిండిలు లోపల కూర్చున్నాయి.

కన్నమే లేకపోతే చక్కు దవడలను పూర్తిగా తెరిచి, కింది నుంచి లోపలికి వెలుగు వేయండి. అడుగున స్క్రూ తల కనిపిస్తే చక్కు మరల మీద, అంటే స్పిండిలు కొసన కోసిన స్క్రూ చుట్ల మీద, బిగించినది. స్క్రూ లేకుండా నున్నగా ఉంటే రెండింటిలో ఏదైనా కావచ్చు: స్పిండిలు కొసనే కోసుగా చెక్కి దాని మీద చక్కును నేరుగా కొట్టి ఎక్కించిన జాకబ్స్ టేపరు రకం గాని, స్క్రూ లేని మర రకం గాని. చక్కు వీపుకూ స్పిండిలుకూ మధ్య సన్నని సందులో మరల అంచులు కనిపిస్తాయేమో చూస్తే అదీ తేలుతుంది. కొన్ని పాత మిషన్లలో చక్కు పైన చిన్న కన్నాలతో ఒక ఉంగరం వంటి కాలరు ఉంటుంది. అది ఉంటే మీ అదృష్టం, ఎందుకంటే చక్కును కిందికి తోయడానికే దాన్ని పెట్టారు. మిల్లింగు కూడా చేసే మిషన్లలో పుల్లీ మూత తీస్తే స్పిండిలు నడినెత్తిన ఒక బోల్టు తల కనిపిస్తుంది. ఆర్బరును పైకి లాగి పట్టుకునే కడ్డీ అది. దాన్ని రెండు మూడు చుట్లు మాత్రమే వదులు చేసి, తల మీద రాగి సుత్తితో ఒక్క పోటు వేస్తే ఆర్బరు ఊడుతుంది. పూర్తిగా విప్పేసి కొడితే చివరి మరలు చితికిపోతాయి.

చక్కు ఒంటి మీద చెక్కిన అక్షరాలు కూడా చదవండి. జేటీ6, జేటీ33, బీ16 వంటి గుర్తులు చక్కు వెనకనున్న టేపరు కొలతను చెబుతాయి. కొత్త చక్కు కొనేటప్పుడు ఇవి కావాలి. జేటీ33 పెద్ద కొస 15.85 మిల్లీమీటర్లు, బీ16 పెద్ద కొస 15.73 మిల్లీమీటర్లు కనుక చేతికి ఒకటిగానే తోస్తాయి గాని, వాటి ఏటవాలు వేరు, ఒకదాని మీద మరొకటి సరిగా కూర్చోదు.

నూనె, నిరీక్షణ

టేపరు తనంతట తాను ఎందుకు జారదో తెలిస్తే దాన్ని ఎలా విడిపించాలో కూడా తెలుస్తుంది. మోర్స్ టేపరు 20 మిల్లీమీటర్ల పొడవుకు సుమారు ఒక మిల్లీమీటరు వ్యాసం మాత్రమే సన్నబడుతుంది. అంటే ఒక్కో పక్క ఏటవాలు సుమారు ఒకటిన్నర డిగ్రీలే. ఇనుము మీద ఇనుము జారడానికి ఇంతకు ఎన్నో రెట్లు వాలు కావాలి కాబట్టి, ఒకసారి బిగిసిన టేపరు రాపిడి బలంతోనే నిలుస్తుంది. అందువల్ల పట్టుకుని లాగితే లాభం ఉండదు. వెడ్జితో, అంటే ఒక పక్క సన్నబడే చీలతో నెట్టాలి, లేదా ఒక్క కుదుపుతో ఆ రాపిడిని తెంచాలి. అయితే ఒకసారి అర మిల్లీమీటరు కదిలిందంటే మొత్తం విడిపోయినట్టే.

తుప్పును మెత్తబరిచే నూనెను ఎక్కడ పోయాలన్నది మిషను రకాన్ని బట్టి ఉంటుంది. మోర్స్ టేపరు మిషనులో అతుకు నోరు కింది వైపుకు తెరిచి ఉంటుంది. అక్కడ చల్లిన నూనె పైకి ఎక్కదు, నేల మీదికి కారుతుంది. క్విల్లు కన్నంలోంచి పోస్తే ఆర్బరు నెత్తి మీద పడి టేపరు గోడల వెంట దిగుతుంది. జాకబ్స్ టేపరులో చక్కు వీపు పైకి చూస్తూ ఉంటుంది కనుక, ఆ అంచు చుట్టూ పోసినదంతా లోపలికే పోతుంది. డబ్ల్యూడీ-40 వంటి స్ప్రే మంచిదే; అది లేకపోతే కిరోసినులో కాస్త ఇంజను ఆయిలు కలిపి వాడినా పని జరుగుతుంది, కాకపోతే ఆలస్యంగా. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చొప్పున రెండు రోజులు పోయండి. పోసిన ప్రతిసారీ స్పిండిలు చుట్టూ చిన్న సుత్తితో, తలుపు తట్టినంత మెల్లగా తట్టండి. ఆ కంపనానికి తుప్పులో పగుళ్లు పుట్టి నూనెకు దారి దొరుకుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న షెడ్లలోని మిషన్లకు నేను నాలుగు రోజులు ఇస్తాను. ఈ నిరీక్షణను దండగ అనుకునేవారు చివరకు గ్యాసు మంట తెప్పిస్తారు, దానితో చక్కూ బేరింగూ రెండూ పోతాయి.

మోర్స్ టేపరు: డ్రిఫ్టుతో విప్పడం

కన్నం ఉన్న మిషనుకు కావలసిన పనిముట్టు డ్రిఫ్టు. ఒక అంచు తిన్నగా, మరో అంచు ఏటవాలుగా ఉండే పలుచని ఉక్కు వెడ్జి ఇది. టేపరు నంబరును బట్టి డ్రిఫ్టు తీసుకోవాలి. ఆర్బరు టేపరు పెద్ద కొస కొలిస్తే నంబరు తెలుస్తుంది: మోర్స్ 1 అయితే 12.065, మోర్స్ 2 అయితే 17.780, మోర్స్ 3 అయితే 23.825 మిల్లీమీటర్లు. 13 మిల్లీమీటర్ల చక్కు ఉన్న మిషన్లలో మోర్స్ 2 తరచుగా కనిపిస్తుంది. డ్రిఫ్టుకు బదులు స్క్రూడ్రైవరు దూర్చి కొట్టడం చాలా షాపులలో ఉన్న అలవాటు. దాని కొస, ఆర్బరు పై కొసన నాలుకలా ఉండే ట్యాంగును గీరి గరుకు చేస్తుంది, ఒక్కోసారి ముక్కై ఎగిరి కంటికే వస్తుంది. డ్రిఫ్టు దొరకకపోతే ఆటోనగరులో ఏ టర్నింగు షాపులోనైనా ఉక్కు పట్టీ ఇచ్చి చెక్కించుకోవచ్చు.

క్విల్లును కన్నం బయటపడేంత వరకే దించి లాకు వేయండి. టేబులును పైకి తెచ్చి, దాని మీద చెక్క దిమ్మ పెట్టి, దాని మీద మడిచిన గోనె సంచి వేసి, చక్కు కొసకూ సంచికీ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉండేలా అమర్చండి. పడే చక్కును చేత్తో పట్టుకోవాలన్న బుద్ధి పుట్టకూడదు. 13 మిల్లీమీటర్ల చక్కు బరువు కాలి వేళ్లకు చాలు. స్పిండిలు కన్నాన్ని క్విల్లు కన్నంతో కలిపి, డ్రిఫ్టును దూర్చండి. డ్రిఫ్టుకు ఒక అంచు గుండ్రంగా, మరొకటి చదునుగా ఉంటుంది. గుండ్రని అంచు పైకి, స్పిండిలు కన్నపు పై వంపుకు ఆనాలి. చదునైన అంచు కిందికి, ట్యాంగు మీద ఆనాలి. తిరగవేసి కొడితే కన్నపు అంచు చితికి, తరువాత ఏ ఆర్బరూ తిన్నగా కూర్చోదు.

ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, అర కిలో సుత్తితో డ్రిఫ్టు వీపు మీద ఒక్క గట్టి దెబ్బ వేయండి. పది మెత్తని దెబ్బలు చేయని పని ఒక్క చురుకైన దెబ్బ చేస్తుంది, ఎందుకంటే ఇక్కడ కావలసింది కుదుపు. దెబ్బ అడ్డంగా పడుతుంది కనుక, సహాయకుడు ఉంటే అటు పక్క క్విల్లుకు ఆనించి ఒక బరువైన సుత్తిని గానీ ఇనుప దిమ్మను గానీ పట్టుకోమనండి. దెబ్బ జోరు ఆ దిమ్మ పీల్చుకుంటుంది, బేరింగుకు చేరేది తగ్గుతుంది. మూడు దెబ్బలకు కదలకపోతే డ్రిఫ్టును అలాగే బిగించి ఉంచి, మళ్లీ నూనె పోసి, రాత్రికి వదిలేయండి. తెల్లవారి చూసేసరికి చక్కు గోనె మీద పడి ఉండటం నేను రెండుసార్లు చూశాను.

డ్రిఫ్టు పూర్తిగా దూరిపోయినా ఆర్బరు కదలలేదంటే ట్యాంగు విరిగి ఉండవచ్చు, లేదా పొట్టిగా ఉండవచ్చు. అప్పుడు ట్యాంగు మీద కన్నంలో పట్టేంత ఉక్కు ముక్క ఒకటి పెట్టి, దాని మీద డ్రిఫ్టు నడపాలి.

ఇదీ పనిచేయకపోతే వేడి, చలువ రెండూ వాడాలి. ఇక్కడ స్పిండిలు బయట, ఆర్బరు లోపల ఉన్నాయి కాబట్టి స్పిండిలు వ్యాకోచించాలి, ఆర్బరు కుంచించాలి. ఉక్కు డిగ్రీ సెల్సియసుకు పది లక్షల్లో 12 వంతులు పెరుగుతుంది. మోర్స్ 2 టేపరు దగ్గర రెండింటి మధ్య 60 డిగ్రీల తేడా తేగలిగితే సుమారు 0.013 మిల్లీమీటరు సడలింపు వస్తుంది. వినడానికి గోరంత కూడా కాదు గాని, టేపరు వదలడానికి అది తక్కువేమీ కాదు. మన ఊళ్లో ఫిషింగు హార్బరు ఉండటం ఇక్కడ కలిసి వస్తుంది: చేపల పెట్టెల కోసం అమ్మే ఐసు ముక్కలను పాలిథిను సంచిలో పోసి చక్కు చుట్టూ కట్టి ఇరవై నిమిషాలు ఉంచితే ఆర్బరు బాగా చల్లబడుతుంది. ఆపైన హీట్ గన్నుతో క్విల్లు కింది కొసను అన్ని పక్కలా వేడి చేసి, వెంటనే డ్రిఫ్టు మీద కొట్టండి. బేరింగు దగ్గరలోనే ఉంది కనుక నీటి చుక్క చురుక్కుమనే వేడి దగ్గర ఆగిపోవాలి. అది దాటితే బేరింగులోని గ్రీజు కరిగి కారిపోతుంది. అంతకుముందు పోసిన కిరోసినును శుభ్రంగా తుడవకుండా వేడి దగ్గరికి పోవద్దు.

ఆర్బరుతో సహా చక్కు ఊడి వచ్చాక, కొత్త చక్కుకు పాత ఆర్బరునే వాడాలనుకుంటే ఆ రెండింటినీ వేరు చేయాలి. వైసులో ఆర్బరును రాగి రేకుల మధ్య పట్టించి, కింద చెప్పే వెడ్జీల పద్ధతినే అక్కడ చేయండి. నా మట్టుకు నేను కొత్త ఆర్బరు కొనడమే నయమంటాను. ఆర్బరు ఖరీదు చక్కు ఖరీదులో చిన్న భాగం.

జాకబ్స్ టేపరు: జత వెడ్జీలు

స్పిండిలు కొస మీదే చక్కు కూర్చున్న రకానికి డ్రిఫ్టు పనికిరాదు. చక్కు వీపుకూ, దాని పైన స్పిండిలు లావుగా మొదలయ్యే భుజానికీ మధ్యనున్న సందులో రెండు వెడ్జీలు ఎదురెదురుగా దూర్చాలి. ఒక్కో వెడ్జి యూ ఆకారంలో చీలి, స్పిండిలు మెడను రెండు పక్కలా కౌగిలించుకుంటుంది. ఒకటే వెడ్జి దూర్చి కొడితే చక్కు ఒక పక్కకు ఒరిగి టేపరు ఇంకా బిగుసుకుంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి జారితే తోపు నిలువుగా, సమంగా పడుతుంది. దుకాణంలో ఈ వెడ్జీల జత టేపరు నంబరు ప్రకారం అమ్ముతారు. దొరకకపోతే 8 మిల్లీమీటర్ల ఉక్కు పట్టీలలో గాడి కోసి, ఒక ముఖాన్ని సన్నని వాలుగా అరగదీసి చేసుకోవచ్చు. సందు ఎక్కువగా ఉంటే వాషర్లను సగానికి కోసి రెండు పక్కలా నింపండి.

వెడ్జీలను సుత్తితో కొట్టడం కన్నా జీ-క్లాంపుతో నొక్కడం మంచిది. క్లాంపును రెండు వెడ్జీల వీపులకు తగిలించి, స్క్రూను బిగిస్తూ పోతే అవి ఒకదానిలోకి ఒకటి దూసుకుపోతాయి. బేరింగు మీద దెబ్బే పడదు. బిగువు బాగా పెరిగాక చక్కు ఒంటి మీద చిన్న ఇత్తడి సుత్తితో ఒక తట్టు తడితే టక్కుమని ఊడుతుంది. గోనె సంచి ఇక్కడ కూడా ఉండాలి.

వేడి చేయాలంటే ఇక్కడ వరస తిరగబడుతుందని గుర్తుంచుకోవాలి. ఈ రకంలో చక్కే బయట, స్పిండిలే లోపల. కాబట్టి వేడి చక్కు వీపుకు తగలాలి. ఐసు చక్కుకు కడితే అది స్పిండిలును ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. మోర్స్ మిషనుకు ఐసు కట్టి గెలిచిన నా మిత్రుడొకరు అదే ఊపులో జాకబ్స్ మిషనుకూ కట్టి ఒక ఆదివారం పోగొట్టుకున్నారు.

వెడ్జీలకు కూడా లొంగనిదానికి చివరి మార్గం చక్కును బలిపెట్టడం. దవడలను పూర్తిగా తెరిస్తే కనిపించే అడుగు భాగం దవడలంత గట్టి ఉక్కు కాదు, డ్రిల్లుకు లొంగుతుంది. హ్యాండ్ డ్రిల్లుతో కింది నుంచి నడిబొడ్డున 8.5 మిల్లీమీటర్ల కన్నం వేసి, స్పిండిలు కొస తగలగానే ఆపేయండి. ఆ కన్నంలో మరలు కోసే ఎం10 ట్యాపు దించి, గట్టి రకం ఎం10 బోల్టును ఎక్కిస్తే, అది స్పిండిలు కొసను తన్ని చక్కును కిందికి తోస్తుంది. కొన్ని చక్కులకు ఈ కన్నం ముందే ఉంటుంది. ఆ కన్నం పడ్డ చక్కును బాగుంటే మళ్లీ వాడుకోవచ్చు కూడా.

మర రకం, కాలరు రకం

మరల మీద బిగించిన చక్కులో లోపలి స్క్రూ ఉంటే ముందు అదే తీయాలి. దానికి సాధారణంగా ఎడమ మర ఉంటుంది, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. ఇది తెలియక ఎదురు తిప్పి స్క్రూ తల చెడగొట్టుకోవడం మామూలే. తరువాత పెద్ద ఆలెన్ కీ పొట్టి కొసను దవడలలో బిగించి, పొడుగు కొసను టేబులుకు అడ్డంగా ఉంచి, కింది నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో కదిలేలా సుత్తితో ఒక్క చురుకు దెబ్బ వేయాలి. స్పిండిలు తిరగకుండా పుల్లీ మెట్లలో ఇనుప కడ్డీ దూర్చవద్దు, పోత ఇనుప పుల్లీ పెళుసుగా విరుగుతుంది. బెల్టు బిగువూ స్పిండిలు బరువూ ఆ ఒక్క క్షణానికి చాలు.

కాలరు ఉన్న మిషనుకు నూనె పోసి, కాలరు కన్నంలో కొక్కెం పానా తగిలించి, కాలరు చక్కును కిందికి నొక్కే వైపు తిప్పితే చాలు.

ఊడిన తరువాత

చక్కు పడిందని సంతోషించి వెంటనే కొత్తది కొట్టేయకూడదు. టేపరు గోడలను కిరోసిను గుడ్డతో తుడిచి, వేలితో నిమిరి చూడండి. పొడుచుకు వచ్చిన గరుకులుంటే సన్నని నూనె రాయితో ఆ గరుకు మీద మాత్రమే రుద్దాలి. గోడంతా ఎమెరీ కాగితంతో రుద్దితే గుండ్రం పోయి, టేపరు అక్కడక్కడే ఆనుతుంది. కొత్త ఆర్బరుకు ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు ముద్దను పలుచగా పూసి, స్పిండిలులో పెట్టి పావు చుట్టు తిప్పి తీస్తే రంగు ఎక్కడ అంటిందో తెలుస్తుంది. చాలా మేర అంటితే సరే. ఒక్క అంచునే అంటితే లోపల కోసు గోడను గీకి సరిచేసే మోర్స్ హ్యాండ్ రీమరు తగిలించాలి. అది చేయి తిరిగినవారి పని, ఒక్క చుట్టు ఎక్కువ తిప్పినా వెనక్కి రాదు.

తిరిగి బిగించేటప్పుడు టేపరు పొడిగా ఉండాలి. నూనె రాస్తే మళ్లీ ఊడటం తేలికని కొందరు రాస్తారు; అలా రాసిన చక్కు పనిలో జారి స్పిండిలును గీరేస్తుంది. చక్కు దవడలను పూర్తిగా లోపలికి తీసుకుని, ఆర్బరును చేత్తో పైకి గుచ్చి, ట్యాంగు స్పిండిలు కన్నంలో కుదిరిందో లేదో చూసి, చక్కు కింద చెక్క ముక్క పెట్టి, దాని మీద కర్ర సుత్తితో ఒకటి రెండు పోట్లు వేస్తే సరిపోతుంది. దవడలు బయటకు ఉంచి కొడితే వాటి కొసలు దెబ్బతిని, కొత్త చక్కు మొదటి రోజే వంకరవుతుంది. తిన్నని ఉక్కు కడ్డీ ఒకటి చక్కులో బిగించి, ఊగును కొలిచే డయల్ గేజి ఆనించి చేత్తో తిప్పి చూడండి. పాత మిషనుకు పదో వంతు మిల్లీమీటరు ఊగు ఉంటే నేను పనికి ఒప్పుకుంటాను. అంతకు మించితే చక్కును విప్పి, సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కిస్తాను; ఆర్బరు తప్పూ చక్కు తప్పూ ఒకదానికొకటి ఎదురుపడి కొంత తగ్గుతాయి.

టేపరు లోపల పొడిగా ఉన్నా, బయటి అతుకు అంచు చుట్టూ కాస్త గ్రీజు రాసి ఉంచితే ఉప్పు గాలి లోపలికి పోదు. నేను ఏటా వానాకాలం ముగిశాక ఒకసారి చక్కును ఊడదీసి, తుడిచి, మళ్లీ ఎక్కిస్తాను, పావుగంట పని. ఆ డ్రిఫ్టు ఎక్కడికీ పోకుండా మిషను స్తంభానికి సన్నని తీగతో కట్టి ఉంచాను.